తిరుపతి పాత సామాన్ల బజారులో మునెమ్మకు గడియారం

మునెమ్మ నా భార్య. మా ఊరి బడిలో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండుతుంది. ఆ పనిలో చేరిన కొత్తలో తన జీతం కూడబెట్టుకుని చిన్న చేతిగడియారం ఒకటి కొనుక్కుంది. బంగారు రంగు, గోరంత డయల్, రోజూ కీ ఇచ్చే రకం. వండేటప్పుడు దాన్ని తీసి కిటికీలో పెట్టుకునేది, వడ్డించే ముందు చెయ్యి తుడుచుకుని మళ్ళీ కట్టుకునేది. ఆరేళ్ళ కిందట నాకు కడుపులో పుండు పగిలి తిరుపతి ఆసుపత్రిలో ఆపరేషన్ చేశారు. బతికేదీ లేనిదీ డాక్టర్లు తేల్చి చెప్పలేదు. అప్పుడు ఆమె కొండకు నిలువుదోపిడీ మొక్కుకుంది. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. మొక్కుకున్న పూట ఒంటి మీద ఏముంటే అవన్నీ, ఒక్కటీ దాచుకోకుండా తీసి స్వామి హుండీలో వేయడమే నిలువుదోపిడీ. నేను లేచి తిరిగినాక ఆమె పోయి కమ్మలు, ముక్కుపుడక, మెట్టెలు, గడియారం వేసి వచ్చింది. కమ్మలు తరువాత చేయించాను. గడియారం మాత్రం వద్దంది. సెల్లులో టైం కనబడుతుంది కదా అంది. కానీ చేతులకు పిండి అయినప్పుడు బడి పిల్లల్ని పిలిచి టైం అడగడం అటు పోయినప్పుడు నేను చాలాసార్లు విన్నాను. మళ్ళీ అలాంటి గడియారమే కొని ఆమె చేతికి కట్టించాలని నాకు చాలా రోజులుగా ఉండేది. ఈ ప్రయాణం అందుకే పెట్టుకున్నాను.

పాకాలలో గడియారాలు బాగుచేసే ఆయన్ని అడిగాను. కీ ఇచ్చే ఆడవాళ్ళ గడియారం కొత్తది ఇప్పుడు దొరకదని, అన్నీ బ్యాటరీవేనని ఆయన చెప్పాడు. తిరుపతిలో ఆదివారం పొద్దున గోవిందరాజస్వామి గుడి వెనక సందుల్లో పాత సామాన్ల బజారు పెడతారు, అక్కడ దొరకొచ్చు అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "పొద్దున్నే పో పెద్దాయనా. బోణీ కాకముందే పో. మొదట వచ్చినోణ్ణి ఉత్త చేతుల్తో పంపిస్తే ఆ పొద్దంతా యాపారం జరగదని వాళ్ళకు పట్టింపు. నువ్వు ఎంతకడిగితే అంతకిస్తారు." ఆ మాట నేను జేబులో పెట్టుకున్నట్టు పెట్టుకుని ఇంటికి వచ్చాను.

ఆదివారం తెల్లవారుజామున ఐదు గంటలకు మునెమ్మా నేనూ పాకాలలో ఆర్టీసీ బస్సు ఎక్కాం. చంద్రగిరి మీదుగా తిరుపతికి గంటంబావు పడుతుంది. నా టికెట్ అరవై రూపాయల లోపే. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే ఉచితం. కండక్టరు కుర్రవాడు, మాటకారి. "అవ్వకు జీరో టికెట్టు, తాతకు ఫుల్ టికెట్టు. ఇంట్లో కూడా ఇట్లనేనా తాతా?" అన్నాడు. నా బదులు మునెమ్మే అందుకుంది. "ఇంట్లో ఆయప్పకు టికెట్టే లేదులే నాయనా, ఊరికే కూర్చుంటాడు." బస్సులో వాళ్ళంతా నవ్వారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. చంద్రగిరి దాటేటప్పటికి తెల్లవారింది. ఎడమ పక్క కోట కొండ మీద సన్నగా మంచు ఉంది. వెనక శేషాచలం నల్లగా గోడ కట్టినట్టు కనిపించింది.

బస్టాండు నుంచి గుడికి ఆటోలో మనిషికి ఇరవై. నడిచినా పావుగంటకు మించదు గానీ నా మోకాళ్ళు ఒప్పుకోవు. గుడి ముందు దిగాక మునెమ్మతో అబద్ధం చెప్పాను. "నువ్వు దర్శనం చేసుకో. నేను లైన్లో నిలబడలేను. అంతలో ఇత్తడి చెంబు ఏమన్నా దొరుకుతాదేమో సూసి వస్తా" అన్నాను.

"ఇంట్లో చెంబులకేం తక్కువ?" అంది.

"ఊరికే సూసి వస్తా."

ఆమె నా ముఖం కాసేపు చూసి, చెప్పులు నా సంచిలో పడేసి లోపలికి పోయింది. ఆదివారం ఉచిత దర్శనానికి గంటన్నర, రెండు గంటలు పడుతుంది. నాకు అది చాలు అనుకున్నాను.

ఈ బజారు చూడాలనుకునే వాళ్ళకు చెబుతున్నాను, ఇది ఒక వీధి కాదు. గుడి వెనక గోడ పక్కన మొదలై రెండు సందుల్లోకి పోతుంది. నేల మీద పట్టలు పరిచి సామాను పెడతారు. ఇత్తడి దీపాలు, రాగి బిందెలు, చెవి లేని తాళాలు, తాళం లేని చెవులు, మూగబోయిన రేడియోలు, కళ్ళజోళ్ళు, ఎర్రచాయ కొయ్యబొమ్మలు, చెల్లని నాణేలు. ఎక్కువమంది కొండ దిగి వచ్చిన యాత్రికులే. గుండ్ల మీద గంధం ఆరకముందే వచ్చేస్తారు. వాళ్ళ కోసం సందు మొదట్లోనే ఒకాయన టోపీల కట్టతో నిలబడి, "గుండుకు సైజు లేదు సార్, అందరికీ ఒకటే" అని అరుస్తుంటాడు. కెమెరాలు మెళ్ళో వేసుకున్న పిల్లలు కొనడం తక్కువ, ఫోటోలు తీయడం ఎక్కువ. నేను పోయేసరికి ఆరున్నర దాటింది. కొందరు ఇంకా మూటలు విప్పుతున్నారు.

ఇత్తడి దీపాల దగ్గర తమిళావిడ ఒకామె బేరం చేస్తుంటే నిలబడి చూశాను, నేర్చుకుందామని.

"ఎన్నప్పా, ఇది ఇత్తడేనా, రంగు పూతా?"

"గీకి సూడమ్మా. ఇత్తడి కాకపోతే నా పేరు మార్చుకుంటా."

"నీ పేరు నాకెందుకప్పా. ధర మార్చు."

ఇద్దరూ నవ్వుకున్నారు. దీపం వేయి నుంచి ఆరువందలకు దిగింది. డబ్బులు ఇస్తుంటే అమ్మేవాడు వాటిని కళ్ళకు అద్దుకుని, దీపానికి ఆనించి, తరువాత జేబులో వేసుకున్నాడు. బోణీ అంటే అట్లాగే తీసుకుంటారు. చూడ్డానికి అదంతా చాలా సులభంగా కనిపించింది.

గడియారాల ఆయన రెండో సందు మలుపులో ఉన్నాడు. పేరు మస్తాన్ అని తరువాత తెలిసింది. తెల్లగడ్డం, ఒక కంటికి భూతద్దం బిగించుకుని, మోకాళ్ళ మీద చెక్కపలక పెట్టుకుని చిన్న చక్రం ఏదో బిగిస్తున్నాడు. ముందు నీలం గుడ్డ మీద గడియారాలు వరుసలుగా పెట్టి ఉన్నాయి. మగవాళ్ళవి ముందు, ఆడవాళ్ళవి వెనక. నన్ను చూసి భూతద్దం నొసటి మీదికి జరుపుకున్నాడు.

"రా పెద్దాయనా. నీ చేత్తోనే బోణీ. ఏం కావాల?"

నేను వంగి ఒకదాన్ని చూపించాను. బంగారు రంగు, గోరంత డయల్. మునెమ్మదే అనుకునేరు, కాదు. ఆమెదానికి అంకెల బదులు గీతలుండేవి, దీనికి అంకెలు ఉన్నాయి. కానీ ఆ పరిమాణం, ఆ వన్నె, ఆ సన్నని కీ అవే. మస్తాన్ నాలుగు చుట్లు కీ తిప్పి నా చెవి దగ్గర పెట్టాడు.

"ఇనుకో. ఎంత బాగా నడస్తాందో."

నాకు బాగా వినపడింది. చిన్న పురుగు ఆకు కొరుకుతున్నట్టు ఉంది. "నాకేం ఇనపడలా" అన్నాను. నచ్చినట్టు బయటపడకూడదని ఎవరో చెప్పగా విన్నాను.

"ఎంత బాయ్?"

"తొమ్మిదొందలు చెప్తా ఎవురికైనా. నీది బోణీ, ఎనిమిదొందలియ్యి."

నాకు బేరం రాదు. జీవితంలో సొంత నోటితో బేరం చేసింది లేదు. చెరకు బండి తోలే రోజుల్లో సంతలో ఎద్దులు కొన్నాను గానీ, అక్కడ దళారి మాట్లాడేవాడు, నేను పక్కన నిలబడి తల ఊపేవాణ్ణి. ఆయన ఎద్దు చుట్టూ తిరుగుతూ కొమ్ము వంకర, నడక బిగువు లేదు, సుడి మంచిది కాదు అని ఉన్న లోపం, లేని లోపం గట్టిగా చెప్పేవాడు. అమ్మేవాడు అంతకన్నా గట్టిగా గుణాలు చెప్పేవాడు. ఎవరూ నొచ్చుకునేవాళ్ళు కాదు. అది సంత పద్ధతి. నాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. కాబట్టి గడియారం తిప్పి చూస్తూ మొదలుపెట్టాను.

"అద్దం నిండా గీతలుండాయి. పట్టీ చెమట వాసన కొడతాంది. పూత లేచిపోయుండాది. కీ సూడు, వదులు."

మస్తాన్ నవ్వాడు. "గడియారం కొంటుండావా పెద్దాయనా, కోడెదూడను కొంటుండావా? పండ్లు కూడా సూస్తావా?"

"పండ్లుంటే ముందు అయ్యే సూసేవాణ్ణి. ఇది పండ్లు ఊడిన గొడ్డు. మూడొందలిస్తా."

ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో తెలియదు. చుట్టూ నవ్వులు వినిపించాయి. కెమెరాల పిల్లలు ముగ్గురు, గుండు చేయించుకున్న భార్యాభర్తలు ఆగి వింటున్నారు. నా మాటకు నలుగురు నవ్వడం నాకు అలవాటు లేదు. ఊళ్ళో నలుగురు ఉన్న చోట నేను మూల వెతుక్కుంటాను. అక్కడ ఎవరికీ నేను తెలియదు. గొంతు దానంతటదే లేచింది. పట్టీ ఒక్కటే నూట యాభై అవుతుందని ఆయన అంటే, ఆ పట్టీ నువ్వే ఉంచుకో, లోపలిది ఇయ్యి అన్నాను. మళ్ళీ నవ్వారు. ఆయన ఏడువందలన్నాడు, ఆరువందల యాభై అన్నాడు. నేను మూడువందల మీదే నిలబడ్డాను. పిల్లల్లో ఒకడు సెల్లులో వీడియో తీస్తున్నాడు.

అప్పుడు మస్తాన్ గడియారాన్ని గుడ్డ మీద పెట్టి కొంచెం గొంతు తగ్గించాడు.

"పెద్దాయనా, ఒగ మాట ముందే చెప్తా, తర్వాత నువ్వు నన్ను అనకూడదు. ఇది హుండీలో వచ్చిన గడియారం. దేవస్థానమోళ్ళ వేలంలో మూటగా పాడుకొని తెస్తాం. కొందరికి పట్టింపు, కట్టుకోరు. ఆడోళ్ళకు కొనేవాళ్ళకు నేను చెప్పకుండా అమ్మను. నీకు పట్టింపు లేదంటే ఐదొందలియ్యి. అంతకన్నా నాకు గిట్టదు."

ఆ మాట విన్నప్పుడు నా చెయ్యి ఆగింది. అది నిజం. మునెమ్మ హుండీ ముందు నిలబడి చేతికున్నది విప్పుకోవడం కళ్ళ ముందు కనిపించింది. అక్కడే లేచి వచ్చి ఉండవలసింది. లేదా ఐదువందలు ఇచ్చి దండం పెట్టి తెచ్చుకోవలసింది. నేను రెండూ చేయలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు నా నోటి వైపే చూస్తున్నారు.

"దేవుడికిచ్చిన సొమ్ము మీద నువ్వు లాభం సూస్తావా బాయ్?" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుండు చేయించుకున్న ఆయన మాత్రం "మాట నిజమే కదా" అన్నాడు. మస్తాన్ నొసటి మీది భూతద్దం తీసి డబ్బాలో పెట్టాడు. గడియారాన్ని పాత పేపరు ముక్కలో చుట్టి నా చేతికిచ్చాడు.

"మూడొందలిచ్చి తీసుకోబ్బా. ఇంగ మాట్లాడబాక."

మూడు నోట్లు ఇచ్చాను. ఆయన వాటిని కళ్ళకు అద్దుకోలేదు. గుడ్డ కిందికి తోసేసి, చెక్కపలక మీద చక్రం వైపు తిరిగాడు. అది నేను చూశాను. చూసి కూడా, బోణీ బేరం గెలిచానన్న సంతోషంతోనే సందు దాటాను.

మునెమ్మ ఎనిమిదిన్నరకు నుదుట కుంకుమతో బయటికి వచ్చింది. గుడి ఎదురుగా ఇడ్లీ అంగడికి పోయాం. ఇద్దరికీ ఇడ్లీ, కాఫీ కలిపి నూట ఇరవై అయింది. చట్నీ మావైపు కారంతోనే ఉంది, యాత్రికుల కోసం తగ్గించలేదు. తిన్నాక పేపరు పొట్లం ఆమె ముందు పెట్టాను. ఆమె విప్పింది. వేలితో కీ తిప్పి చూసింది. తరువాత చెవికి ఆనించుకుంది. అరవై దాటిన మనిషి ముఖం అట్లా మారడం నేను ఈ మధ్య చూడలేదు.

"కీ ఇచ్చేదే" అంది. "యాడ దొరికింది?"

"ఈడే, గుడెనక బజార్లో."

"శానా పెట్టుంటావే."

ఆ మాట అడగాలనే నేను కాచుకుని ఉన్నాను. మొదటి నుంచి మొత్తం చెప్పాను. కోడెదూడ మాట, పండ్ల మాట, నలుగురు నవ్విన సంగతి. ఆయన మాటలు ఆయనలా, నా మాటలు నాలా చెప్పాను. నేను అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడింది పెళ్ళయినాక అదే అనుకుంటాను. ఆమె వింటూ పట్టీ చేతికి చుట్టి కొక్కెం పెట్టుకుంటోంది. హుండీ సంగతి వచ్చేసరికి ఆ వేళ్ళు ఆగిపోయాయి.

"హుండీలోదా?"

"ఔ. ఆయనే చెప్పినాడు."

"చెప్పినాక కూడా బేరం చేసినావా?"

"చెప్పినాక కాదు మే, ఆ మాటతోనే దిగినాడు. దేవుడి సొమ్ము మీద లాభం సూస్తావా అన్నా. నోరెత్తలా."

ఆమె పట్టీ విప్పేసింది. గడియారం బల్ల మీద పెట్టి, చెయ్యి ఒడిలోకి తీసుకుంది. పక్క బల్ల వాళ్ళకు వినపడకుండా మెల్లగా అంది. "ఎవురో ఆడకూతురు ఇచ్చుంటాది దీన్ని. మొగుడికో, బిడ్డకో బాగలేక." మళ్ళీ తనే అంది. "ఆ పొద్దు నేను బేరం చెయ్యలేదయ్యా. కమ్మలిస్తా, గడియారం ఉంచుకుంటా స్వామీ అని అడగలా. అడిగేదని కూడా నాకు తోచలా."

నేను కాఫీ గ్లాసు చూస్తూ కూర్చున్నాను.

"నీకు కొనాలనిపించింది, కొన్నావు. దానికి నేనేం అనను. హుండీదని తెలిసినా, ఆ బాయ్ అడిగింది ఇచ్చి తెచ్చుంటే కండ్లకద్దుకోని కట్టుకునేదాన్నేమో. ఒగరి మొక్కును పండ్లూడిన గొడ్డు అంటివే. నిజం చెప్పినోణ్ణి దేవుడి పేరు చెప్పి నోరు మూయిస్తివే." లేచి కొంగు సర్దుకుంది. "పా. ఆయన కాడికి పోదాం. నువ్వన్న మాట నువ్వే ఎనక్కి తీసుకో."

మేము మళ్ళీ పోయేసరికి తొమ్మిది దాటింది. సందుల్లో కాలు పెట్టే చోటు లేదు. ఆ వేళకు బజారు నిజంగా చూడదగినట్టు ఉంటుంది. ఒకచోట రేడియో పలికించి చూపిస్తున్నారు, ఒకచోట కొయ్యబొమ్మలకు నూనె రాస్తున్నారు. నాకు అవేవీ పట్టలేదు. దారి పొడుగునా ఒక్కటే మాట కూర్చుకుంటూ నడిచాను. తప్పయింది బాయ్, ఆ మాట అనకుండా ఉండాల్సింది. అంతే. చిన్న మాటే.

మస్తాన్ ముందు నిలబడ్డాక అది రాలేదు. ఆయన తల ఎత్తి నన్ను గుర్తుపట్టాడు. నేను సంచి పట్టుకుని నిలబడ్డాను. పొద్దున నవ్వినవాళ్ళు ఎవరూ అక్కడ లేరు, అయినా రాలేదు. మునెమ్మ నన్ను రెండుసార్లు చూసింది. చివరకు తనే కూర్చుంది, గుడ్డ ముందు, నేల మీద.

"బాయ్, ఈయన బేరానికి నోరు తెచ్చుకున్నాడు. ఇప్పుడది యాడో పెట్టి మర్సిపోయినాడు. పొద్దున తప్పు మాటన్నాడంట. మనసులో పెట్టుకోబాకు."

మస్తాన్ మర్యాదకు కూడా లేదనలేదు. "పెట్టుకున్నాలే అక్కా" అన్నాడు. "శానామంది శానా అంటారు. దొంగ సరుకు అంటారు, ఉత్త రేకు అంటారు. అది యాపారం. నేనూ అంటా. ఇది మాత్రం నేను దాచకుండా చెప్పినా. చెప్పకుండా అమ్మితే ఎవురికి తెలస్తాది? చెప్పినందుకు దాన్నే పట్టుకొని నన్ను కొట్టినాడు. మా ఇంట్లో కూడా దేవుడుండాడు కదక్కా."

మునెమ్మ కొంగు ముడి విప్పి రెండువందలు గుడ్డ మీద పెట్టింది. "నువ్వడిగిన ఐదొందలూ తీసుకో."

ఆయన వాటిని ముట్టుకోలేదు. "వద్దక్కా. బోణీ బేరం తెగినాక దాని మీద మళ్ళీ దుడ్డు ముట్టకూడదు. అయిపోయింది."

"అట్లయితే గడియారం ఎనక్కి తీసుకో."

"అది అసలే కుదరదు. బోణీ సరుకు ఎనక్కి తీసుకుంటే అంగడి మూసుకొని పోవాల నేను. పొద్దున నుంచీ ఇదిగో, రెండే అమ్మినా." ఇంతలో ఒక పెద్దావిడ మనవరాలిని పట్టుకుని వచ్చి నల్లపట్టీ గడియారం చూపించమంది. మస్తాన్ ఆమె వైపు తిరిగాడు. తిరిగే ముందు మునెమ్మతో, "నువ్వొచ్చినావు, అది చాలు. పోయిరా అక్కా" అన్నాడు. నా వైపు చూడలేదు. నాకు అప్పుడు కూడా అవకాశం ఉంది. ఆ పెద్దావిడ బేరం అయ్యేదాకా నిలబడి ఉంటే సరిపోయేది. నేను మునెమ్మను లేపడానికి చెయ్యి అందించి, ఆ వంకతో నడిచి వచ్చేశాను.

పదకొండు గంటలకు పాకాల బస్సు దొరికింది. ఆదివారం ఆ వేళప్పుడు తిరుగు బస్సులు ఖాళీగానే ఉంటాయి. చంద్రగిరిలో బస్సు ఆగినప్పుడు, "నేనే చెప్పాల్సింది" అన్నాను.

"ఔ" అంది మునెమ్మ. తరువాత సంచిలోంచి అరటిపండు తీసి సగం తుంచి నాకిచ్చింది.

ఇప్పటికి నెల దాటింది. గడియారం మా వంటింట్లో మేకుకు వేలాడుతోంది. రోజూ పొద్దున నేనే కీ ఇస్తాను. బాగా నడుస్తుంది, నిమిషం తేడా రాదు. బడికి పోయేముందు మునెమ్మ దాన్ని చూసుకుని బయలుదేరుతుంది గానీ చేతికి కట్టుకోదు. కట్టుకోమని నేను అడగను. ఆ ఆదివారం తరువాత రెండుసార్లు తిరుపతికి పోవాలని బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చాను. పోతే ఆ మాట చెప్పగలనన్న నమ్మకం నాకు లేదు. బేరానికి వచ్చిన నోరు క్షమాపణకు రాకపోతే, అది పిరికితనమే తప్ప బిడియం కాదని ఈ వయసులో తెలిసింది. ఆ సందు మలుపులో నేను ఐదువందలు ఇచ్చి ఉంటే, ఈ పాటికి ఆ గడియారం ఆమె చేతి మీద ఉండేది. పిల్లలకు అన్నం వడ్డిస్తుంటే మణికట్టు మీద మెరుస్తుండేది. నేను చూడాలనుకున్నది అదొక్కటే.

ఆ బజారుకు పోవాలనుకునే వాళ్ళకు ఒక్క మాట. ఆదివారం ఆరు నుంచి మధ్యాహ్నం పన్నెండు వరకు ఉంటుంది, చిల్లర దగ్గర పెట్టుకోండి. బేరం చేసి చూడాలనుకుంటే తొమ్మిది దాటినాక పోండి. అప్పటికి అందరికీ బోణీలు అయిపోయి ఉంటాయి. ధర నచ్చక మీరు లేచి వచ్చేసినా ఎవరికీ నష్టం లేదు, ఇష్టం లేకపోతే వాళ్ళూ మీకు అమ్మనవసరం లేదు. పొద్దున్నే పోయి మొదటివారు మీరే అయితే మాత్రం, వాళ్ళు మిమ్మల్ని కాదనలేని వేళ అది. నచ్చినదానికి చెప్పిన ధర ఇచ్చి తెచ్చుకోండి.